రెండు ఇళ్ల పేరు

వరంగల్, హన్మకొండ, డోర్నకల్ సంఘాల్లో ఏ బాప్తిస్మపు రిజిష్టరు తిరగేసినా మోషే, అహరోను, ఫీనెహాసు, సుశన్న అనే పేర్లు తగులుతాయి. తాత పేరు మనవడికి పెట్టుకునే అలవాటు ఉండనే ఉంది కాబట్టి ఒక మోషే పోతే ఇంకో మోషే వస్తాడు.

ఈజిప్టు అనగానే మనకు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీ గుర్తొస్తుంది. 1930లో ఏడో నిజాం ఇచ్చిన ఆ మమ్మీని చూపించడానికి పిల్లల్ని బస్సులెక్కించి తీసుకెళ్తారు. దానికంటే పాత ఈజిప్టు సొత్తు మన ఊళ్లలో రోజూ నోళ్లలో నానుతోంది. పైన చెప్పిన నాలుగు పేర్లలో అహరోను సంగతి పండితులు ఇంకా తేల్చలేదు. మిగతా మూడూ హెబ్రీ భాషలో పుట్టినవి కావని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అవి నైలు ఒడ్డున, ఫరోల భాషలో పుట్టాయి. ఇశ్రాయేలీయుల చేత ఇటుకలు చేయించిన రాజ్యం మాట్లాడిన భాష అది. వాళ్లను ఆ వెట్టి నుంచి బయటికి నడిపించిన నాయకుడి పేరూ ఆ భాషలోదే.

ఈ సంగతి ఎలా బయటపడిందో ముందు చెప్పాలి.

1822 సెప్టెంబరు 14. పారిస్ నగరంలో మజరీన్ వీధి, 28వ నంబరు ఇల్లు. జాన్ ఫ్రాన్స్వా షాంపోలియన్‌కు అప్పటికి 31 ఏళ్లు. గ్రెనోబుల్‌లో ఉద్యోగం ఊడి, ఏడాది కిందట అన్న పంచన చేరాడు. ఒంట్లో బాగుండదు, చేతిలో డబ్బు నిలవదు. తలలో మాత్రం ఒకటే ధ్యాస. ఈజిప్టు గోడల మీది పక్షులు, పాములు, కాళ్లు, కళ్లు ఏం చెబుతున్నాయి? 1799లో దొరికిన రొసెట్టా రాయి మీద ఒకే శాసనం మూడు లిపుల్లో ఉంది. అందులో గ్రీకు చదవొచ్చు. మిగతా రెండూ ఇరవై మూడేళ్లుగా యూరప్ పండితులను ఏడిపిస్తున్నాయి. గ్రీకు రాజుల పేర్లను అక్షరాలుగా కూడబలుక్కోవడం అప్పటికే మొదలైంది. విదేశీ పేర్లు రాయడానికే అలా అక్షరాలు వాడారని, అసలు ఈజిప్టు రాజుల కాలంలో అవి బొమ్మలే తప్ప శబ్దాలు కావని అందరి నమ్మకం.

ఆ రోజు షాంపోలియన్ చేతికి కొన్ని నకళ్లు అందాయి. ఊయో అనే వాస్తుశిల్పి ఈజిప్టు వెళ్లి, అబూ సింబెల్ గుడి గోడల మీది రాతలను కాగితం మీదికి ఎక్కించి తెచ్చాడు. గ్రీకులు అడుగు పెట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందటి గుడి అది. ఒక కాగితం మీద కోడిగుడ్డు ఆకారపు గీత, రాజు పేరు చుట్టూ గీసేది. దాని లోపల మొదట గుండ్రటి సూర్యబింబం. తర్వాత కిందికి వేలాడే మూడు తోకల్లాంటి గుర్తు, నక్క తోళ్లు మూడు కలిపి కట్టినట్టు. చివర 'స' శబ్దానికి వాడే గుర్తు రెండుసార్లు.

సూర్యుడికి కోప్టిక్ భాషలో 'రె' అంటారు. ఈజిప్టు క్రైస్తవులు ఆరాధనలో వాడే భాష కోప్టిక్, ఫరోల భాషకు ఆఖరి కొమ్మ. షాంపోలియన్ కుర్రతనంలోనే దాన్ని నేర్చాడు. పారిస్‌లోని సాన్ రోక్ చర్చిలో ఈజిప్టు నుంచి వచ్చిన పాదిరి దగ్గర కూర్చుని పలుకుబడి సరిచేసుకున్నాడు. కాబట్టి మొదటిది రె లేదా రా. చివర స, స. నడుమ ఉన్న నక్క తోళ్ల గుర్తు ఏమిటి? అదే గుర్తు రొసెట్టా రాయి మీద, గ్రీకులో రాజు జన్మదినం అని ఉన్న చోట కనబడుతుంది. కోప్టిక్‌లో 'మిసె' అంటే కనడం. రా, మ్స్, స. రామ్సెస్!

నిర్గమకాండము మొదటి అధ్యాయంలో ఇశ్రాయేలీయులు వెట్టి చేసి కట్టిన పట్టణాల్లో రామెసేసు ఒకటి. బైబిల్ చదివిన ఏ మనిషికైనా తెలిసిన పేరు. షాంపోలియన్ చేతులు వణికి ఉంటాయి. రెండో కాగితం తీశాడు. ఐబిస్ కొంగ, అంటే జ్ఞానదేవుడు థోతు. పక్కనే మళ్లీ అవే నక్క తోళ్లు, మళ్లీ స. తుత్‌మోసె. రెండో పేరూ చదవగలిగాడు. బొమ్మలు నోరు విప్పాయి.

తర్వాత జరిగింది ఆ కుటుంబం చెప్పుకొన్న కథ. షాంపోలియన్ కాగితాలు పట్టుకుని వీధిలోకి ఉరికాడు. అన్న పనిచేసే ఇన్‌స్టిట్యూట్ దగ్గరే ఉంది. లోపలికి దూసుకెళ్లి, దొరికిందని ఒక్క కేక పెట్టి అక్కడే కూలిపోయాడు. అన్న గుండె ఆగినంత పనైంది. ఇంటికి మోసుకొచ్చి పడుకోబెడితే కొన్ని రోజులపాటు లేవలేదు. లేచాక, సెప్టెంబరు 27న అకాడమీ ముందు తన పత్రం చదివాడు. రొసెట్టా రాయి మీద అప్పటిదాకా ఆయనతో పోటీపడిన ఇంగ్లిష్ శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ ఆ సభలోనే కూర్చుని విన్నాడు.

మూసిన తలుపు తెరిచిన ఆ నక్క తోళ్ల గుర్తు, మ, స అనే రెండు హల్లులు, మోషే పేరులో ఉన్న శబ్దాలే. ఈజిప్టువాళ్లు అచ్చులు రాసేవారు కారు. గ్రీకులు, కోప్టులు పలికిన తీరును బట్టి పేరు చివర అది 'మోసె' అవుతుంది. పుట్టాడు, కన్నవాడు, బిడ్డ అనే అర్థాల చుట్టూ తిరిగే మాట. రామ్సెస్ అంటే రా కన్నవాడు. తుత్‌మోసె అంటే థోతు పుట్టాడని. అహ్‌మోసె, ప్తహ్‌మోసె, అమెన్‌మోసె, ఇలా దేవుడి పేరు ముందు, మోసె వెనక. మన దగ్గర శివప్రసాద్, రామప్రసాద్ అని పెట్టుకుని ఇంట్లో ప్రసాద్ అని పిలిచినట్టు, వాళ్లు కూడా దేవుడి పేరు వదిలేసి మోసె అని పిలుచుకున్నారు.

ఇప్పుడు నిర్గమకాండము రెండో అధ్యాయానికి వద్దాం. హెబ్రీయులకు పుట్టిన మగబిడ్డలందరినీ నదిలో పారేయమని రాజాజ్ఞ. లేవి వంశపు తల్లి ఒకామె మూడు నెలలు బిడ్డను దాచింది. ఇక దాచలేక, జమ్ముపెట్టె అల్లి, కీలు పూసి, అందులో బిడ్డను పెట్టి ఏటి ఒడ్డున జమ్ములో వదిలింది. అక్క దూరంగా నిలబడి చూస్తోంది. ఫరో కుమార్తె స్నానానికి వచ్చింది, ఏడుపు విన్నది, చూడగానే హెబ్రీ బిడ్డ అని గుర్తుపట్టింది. పట్టి కూడా చేతుల్లోకి తీసుకుంది. ఆ అమ్మాయి ధైర్యం గురించి మన ప్రసంగాల్లో చెప్పుకోవలసినంత చెప్పుకోమని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. తండ్రి ఆజ్ఞను అతని కూతురే దాటింది.

ఆ కొద్ది వాక్యాల్లో హెబ్రీ మూలం ఈజిప్టు మాటలతో తడిసి ఉంది. పెట్టె, జమ్ము, నది అనే చోట్ల హెబ్రీ రచయిత వాడిన మాటలకు ఈజిప్టు భాషలో మూలాలు దొరుకుతాయి. పాలివ్వడానికి బిడ్డ తిరిగి కన్నతల్లి చేతికే వచ్చాడు. పెద్దవాడయ్యాక ఆమె అతన్ని తెచ్చి రాజకుమార్తెకు అప్పగించింది. పేరు పెట్టింది రాజకుమార్తె. నీటిలోంచి తీశాను కాబట్టి ఆ పేరు పెట్టానని ఆమె అన్నట్టు గ్రంథం చెబుతుంది. హెబ్రీలో 'మాషా' అంటే బయటికి తీయడం, లాగడం. మోషేకు దానికి చెవిలో పొత్తు కుదిరింది.

అయితే వ్యాకరణం సరిగ్గా కుదరదు. మోషే అనే రూపం హెబ్రీలో తీయబడినవాడికి సరిపోదు, తీసేవాడికి సరిపోతుంది. పైగా హెబ్రీ పిల్లలను చంపిస్తున్న రాజు కూతురు తన పెంపుడు బిడ్డకు హెబ్రీ పేరు ఎందుకు పెడుతుంది? ఈ చిక్కు పాతవాళ్లకూ తెలుసు. క్రీస్తు శకం ఒకటో శతాబ్దపు యూదు పండితులు ఫైలో, జోసెఫస్ ఇద్దరూ ఆ పేరును ఈజిప్టు మాటలతోనే విప్పడానికి చూశారు. ఈజిప్టు భాషలో నీటికి 'మో' అంటారని, మోషేలో ఆ నీరే ఉందని చెప్పారు. వాళ్ల జవాబు నిలవలేదు గాని వెతికిన దిక్కు సరైనదే. జవాబు మజరీన్ వీధిలో దొరికింది.

ఒక అభ్యంతరం న్యాయమైనది. రామెసేసు పేరు హెబ్రీలో 'స' తో రాస్తారు, మోషే పేరు 'ష' తో. రెండూ ఒకే ఈజిప్టు మాట నుంచి వస్తే రెండు అక్షరాలెందుకు? మోషే పేరు చాలా ముందుగానే హెబ్రీలోకి వెళ్లి ఆ భాష మార్పులతో పాటు మారిందని, పట్టణం పేరు తర్వాత వచ్చిందని కొందరు జవాబు చెబుతారు. 'మాషా' అనే మాటకు దగ్గర చేయడానికి నాలుక అలా తిరిగిందని ఇంకొందరు. బ్రిటిష్ పండితుడు గ్రిఫిత్స్ 1953లో ఈ వాదాలన్నీ తూచి ఈజిప్టు వైపే మొగ్గాడు. ఒప్పుకోనివాళ్లు నేటికీ ఉన్నారు, మరీ తక్కువమంది.

ఈ పేరును పట్టుకుని మరీ దూరం వెళ్లినవాడు సిగ్మండ్ ఫ్రాయిడ్. పేరు ఈజిప్టుదైతే మనిషీ ఈజిప్టువాడేనని, 1938లో నాజీల నుంచి తప్పించుకుని లండన్ చేరి, మరుసటి ఏడాది చనిపోయే ముందు పుస్తకంగా అచ్చువేశాడు. నాకు ఆ వాదం నచ్చదు. వరంగల్‌లో మోషే అనే పేరున్నవాడు యూదుడు కానట్టే, ఈజిప్టు పేరున్నవాడు ఈజిప్టువాడు కానక్కర్లేదు. పరాయి ఇంట్లో పెరిగిన బిడ్డకు ఆ ఇంటి పేరు పడుతుంది, అంతే.

ఇంతకీ మోసె అని ఒంటిపేరు పెట్టుకున్న ఈజిప్టువాడు నిజంగా ఎవరైనా ఉన్నాడా? ఉన్నాడు. అతను రెండో రామ్సెస్ కాలంలో, అంటే క్రీస్తుపూర్వం 13వ శతాబ్దంలో, మెంఫిస్‌లో ప్తహ్ దేవుడి ఖజానాలో లేఖరి. ఇశ్రాయేలీయులు ఈజిప్టు విడిచి వెళ్లింది ఆ రాజు రోజుల్లోనే అని చాలామంది లెక్కగడతారు. లేఖరి మోసె వేరు, బైబిల్ మోషే వేరు. అయినా ఈ మోసె కథ వింటే తెలంగాణ రైతు ముక్కున వేలేసుకుంటాడు. సక్కారాలో తన సమాధి గోడల మీద అతను చెక్కించింది ఒక భూమి కేసు.

మోసె పుట్టడానికి సుమారు మూడు వందల ఏళ్ల ముందు, అహ్‌మోసె రాజు తనకు సేవ చేసిన నెషి అనే నౌకాధికారికి మెంఫిస్ దగ్గర కొంత పొలం ఇనాంగా ఇచ్చాడు. ఆ చోటుకు నెషి పేరే పడింది. తరాలు గడిచాయి, వారసులు పెరిగారు. హొరెంహెబ్ రాజు కాలంలో తగాదా కచేరీకి ఎక్కింది. ఊర్నెరో అనే ఆడమనిషిని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల తరఫున పొలం చూసుకోమని న్యాయస్థానం నియమించింది. ఆమె చెల్లెలు తఖారు ఒప్పుకోలేదు, నా వాటా నాకు పంచమంది. పంచారు. ఊర్నెరో, ఆమె కొడుకు హూయ్ కలిసి పైకి అప్పీలు చేసుకున్నారు. అంతలో హూయ్ చనిపోయాడు.

అతని భార్య నుబ్నొఫ్రెట్. చంకలో బిడ్డ. ఆ బిడ్డే మోసె. మొగుడు దున్నిన చేలోకి ఆమె నాగలి పంపింది. ఖాయ్ అనే అధికారి అడ్డం నిలిచాడు, ఈ భూమి నాది పొమ్మన్నాడు.

రామ్సెస్ ఏలుబడిలో 18వ ఏడు. హెలియోపోలిస్‌లో వజీరు ముందు పెద్ద కచేరీ. ఖాయ్ కాగితాలు పెట్టాడు, నుబ్నొఫ్రెట్ కూడా పెట్టింది. రెండింటిలో ఒకటి దొంగదని వజీరుకు తెలిసింది, ఏదో తేలలేదు. ఖజానా దఫ్తరు, ధాన్యాగారం దఫ్తరు తెప్పించి చూడండని ఆ విధవరాలు అడిగింది. ఎంత ధైర్యంగా అడిగిందో చూడండి. సర్కారు రికార్డులో తన ఇంటి పేరు ఉంటుందని ఆమె నమ్మకం. దఫ్తర్లు రాజధాని పి-రామ్సెస్‌లో ఉన్నాయి. వాటిని తేవడానికి అమెనెమోపె అనే అధికారిని పంపారు. అతనితో పాటు ఖాయ్ కూడా వెళ్లాడు. తిరిగొచ్చిన రికార్డు విప్పి చూస్తే అందులో ఆమె వంశం వాళ్ల పేరే లేదు.

పేరు లేదు కాబట్టి హక్కు లేదన్నాడు వజీరు. పొలం ఖాయ్‌కి పోయింది. పహాణీలో పేరు లేదన్న మాట ఎంత బరువైనదో పట్వారీల కాలం నుంచి ధరణి కాలం దాకా చూసిన వరంగల్ రైతుకు నేను చెప్పనక్కర్లేదు. 1940లలో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు దున్నిన పొలం, పండించిన ధాన్యం విస్నూరు దేశ్‌ముఖ్ మనుషుల పాలు కాకుండా నిలబెట్టుకోవడానికి రైతుల సంఘాన్ని వెంట తెచ్చుకోవలసి వచ్చింది. నుబ్నొఫ్రెట్ వెంట ఏ సంఘమూ లేదు. ఆమెకు మిగిలింది కొడుకు.

మోసె పెరిగాడు, చదువుకున్నాడు, లేఖరి అయ్యాడు. దఫ్తరు ఎలా రాస్తారో, ఎక్కడ మారుస్తారో తెలిసినవాడయ్యాడు. అప్పుడు కేసు మళ్లీ తెరిచాడు. కాగితం మారింది కాబట్టి కాగితాన్ని అడగొద్దు, ఊరిని అడగండన్నాడు. మా నాన్న ఆ పొలం దున్నాడా లేదా, ఏటేటా శిస్తు కట్టాడా లేదా, నేను నెషి సంతతివాణ్ని అవునా కాదా, సాక్షులను పిలిచి విచారించండి.

సాక్షులు వచ్చారు. గుడి పూజారి వచ్చాడు, తేనెపట్లు చూసే మనిషి వచ్చాడు, గుర్రపుశాల అధికారి వచ్చాడు. ఆడవాళ్లూ వచ్చారు. అబద్ధమాడితే ముక్కూ చెవులూ కోసి దక్షిణాన కూషు దేశానికి పంపేయండని ఒక్కొక్కరే ప్రమాణం చేశారు. హూయ్ ఆ పొలం దున్నడం చూశామని, అతను ఊర్నెరో కొడుకని, ఆమె నెషి సంతతి అని చెప్పారు. ఒకరి తర్వాత ఒకరు అదే మాట.

తీర్పు ఉన్న చోట శాసనం పగిలిపోయింది. కానీ ఓడిన కేసును ఎవడూ తన సమాధి గోడ మీద రాయి కొట్టించి చెక్కించుకోడు. 1905లో అలన్ గార్డినర్ ఈ శాసనాన్ని అనువదించి ప్రచురించినప్పటి నుంచి ఈజిప్టు న్యాయవ్యవస్థ గురించి చదివే ప్రతివాడూ మోసె దగ్గర ఆగి వెళ్తాడు. మనకు ఇక్కడ పనికొచ్చేది ఇంకొకటి. మోసె అన్న పేరు ముందు ఏ దేవుడూ లేకుండా, ఒంటిగా, రాజ ముద్రలున్న కచేరీలో కూడా చెల్లిన పేరు. నది ఒడ్డున రాజకుమార్తె పెట్టింది వింత పేరేమీ కాదు. వీధిలో పిలిస్తే ఇద్దరు ముగ్గురు తలతిప్పే పేరు.

మోషే ఒక్కడే అయితే పొరపాటు అనుకోవచ్చు. లేవి గోత్రమంతా ఇలాంటి పేర్లు చెదిరి ఉన్నాయి. అహరోను మనవడు ఫీనెహాసు పేరు ఈజిప్టు భాషలో 'పా-నెహ్‌సి'. నెహ్‌సి అంటే నూబియావాడు, దక్షిణాది నల్లనివాడు. మనం నల్లయ్య, కర్రెయ్య అంటాం, అదే పద్ధతి. ఆఖరి రామ్సెస్ కాలంలో కూషు దేశాన్ని ఏలిన రాజప్రతినిధి పేరు కూడా పానెహ్‌సియే. నల్లనివాడని పిలవడంలో వాళ్లకు చిన్నతనం ఏమీ కనబడలేదు. మందిరంలో యాజకుడి బట్టలు తొడుక్కున్న మనిషికి నల్లయ్య అన్న పేరు ఉందని చదివితే నాకు సంతోషంగా ఉంటుంది. తెల్లతోలు బొమ్మల క్యాలెండర్లు చూసి పెరిగిన మన సండే స్కూలు పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

సుశన్న దారి ఇంకా అందమైనది. ఈజిప్టువాళ్లు నైలు కలువను 'సెషెన్' అనేవారు. గుడి స్తంభాల తలల మీద చెక్కింది, విందుల్లో ఆడవాళ్లు తలలో ముడుచుకున్నది ఆ పువ్వే. హెబ్రీలోకి వచ్చి అది షోషన్నా అయింది, గ్రీకులో సూసన్నా. ఇంగ్లిష్ బైబిల్ ఆ మాటను లిల్లీ చేసింది. పరమగీతములో లోయల్లో పూసే పువ్వు ఉన్న చోట మన తెలుగు అనువాదకులు లిల్లీ జోలికి పోకుండా పద్మం అన్నారు. కలువకు తామరకు తేడా ఉంది గాని, ఆ పువ్వును తిరిగి చెరువులోకి తెచ్చింది మాత్రం తెలుగే. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని డోర్నకల్‌లో ఉన్న ఎపిఫనీ కెథడ్రల్ చూసినవాళ్లకు ఈ మాట ఇంకా బాగా తగులుతుంది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఆ గుడి కట్టడంలో హిందూ, ముస్లిం వాస్తు రీతులు కలిశాయి. తామర మీద సిలువ అక్కడి గుర్తు. ఆ గుడిలో కూర్చున్న సుశన్నల్లో ఎంతమందికి తమ పేరు, ఆ గుర్తులోని పువ్వు చుట్టాలని తెలుసు?

ఆ గుడి కట్టించిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, 1874లో పుట్టాడు. 1909లో డోర్నకల్ వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకం పొందాడు. ఎద్దుల బండి మీదా, కాలినడకనా ఊళ్లు తిరిగాడు. సంఘంలో చేరినవాళ్లు ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. అంతకుముందే, 1879లో, హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టులు మిషన్ మొదలుపెట్టారు. రెండు వైపుల నుంచీ బైబిల్ పేర్లు ఊళ్లలోకి దిగాయి. పేరు చివర 'గాడు' తగిలించి, గడప బయటి నుంచే కేక వేయించుకున్న మనిషికి పాదిరి చేత నిండు పేరుతో పిలిపించుకోవడం ఎంత సంగతో ఆ ఇళ్లలో పెరిగినవాళ్లు చెబుతారు.

అజరయ్య పేరులోనే ఒక కథ ఉంది. దానియేలు గ్రంథంలో బబులోను చెరకు పోయిన నలుగురు యువకుల్లో అజర్యా ఒకడు. రాజు నపుంసకుల అధిపతి అతనికి అబేద్నెగో అని పేరు మార్చాడు. ఇంట్లో ఒక పేరు, కొలువులో ఒక పేరు. అంతకుముందు ఈజిప్టులో యోసేపుకూ ఇదే జరిగింది. ఫరో అతనికి జప్నత్పనేహు అని కొత్త పేరు పెట్టి, ఓను పట్టణపు యాజకుడి కూతురు ఆసెనతును ఇచ్చి పెళ్లి చేశాడు. ఆసెనతు అంటే నేయిత్ దేవత సొత్తు అని ఈజిప్టు భాషలో అర్థం. యోసేపు రెండు పేర్లతో బతికాడు, అజర్యా రెండు పేర్లతో బతికాడు. మోషేకు తల్లి పెట్టిన పేరు ఏదో గ్రంథం చెప్పదు. ఫరో ఇంటి పేరే మిగిలింది. ఆ పేరునే అతని ప్రజలు తమది చేసుకున్నారు, అర్థం తమ భాషలో చెప్పుకున్నారు, ధర్మశాస్త్రానికి దాన్నే తగిలించారు. మండీ బజార్‌లో ఒక తల్లి కొడుకును మూసా అని పిలిచినా ఆ పేరే. ఖురాన్‌లో అందరికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రవక్త ఆయన.

పేరు పుట్టిన చోటు వేరు, చెల్లే చోటు వేరు. దొరల భాషలోంచి వచ్చిన పేరు కాబట్టి మోషే ఇశ్రాయేలీయుడు కాకుండా పోలేదు. దేశం దాటి వచ్చిన పేరు కాబట్టి మన మోషే వరంగల్‌వాడు కాకుండా పోడు. ఇది వాదన కోసం అంటున్న మాట కాదు. ఆ పేరున్నవాళ్లు ఎందరో రోజూ ఎదుర్కొంటున్న ప్రశ్న. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతం ఉంది. అందువల్ల బడి సర్టిఫికెట్లో ఒక పేరు, సంఘం రిజిష్టరులో మోషే అని ఇంకో పేరు ఉన్న ఇళ్లు మనకు తెలిసినవే. పెళ్లి శుభలేఖ మీద రెండూ పక్కపక్కన అచ్చు వేయించుకుంటారు. ఊరు ఏ పేరుతో పిలిచినా పలుకుతారు. కాగితం ముందు నిలబడినప్పుడు మాత్రం ఒకదాన్ని నోట్లోనే మింగాలి.

మతం మారినా కులం బాధ మారని ఈ మనుషుల సంగతి తేల్చడానికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. ఎస్సీ హోదా ఇవ్వాలా వద్దా అన్న దాని మీద దళిత సంఘాల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి, రెండు వైపుల మాటలోనూ బతుకు భయం ఉంది. నాకు మాత్రం లేఖరి మోసె అడిగిన విచారణే న్యాయంగా తోస్తుంది. రికార్డులో ఏ పేరు ఉందో చూసి ఊరుకోకుండా, ఆ మనిషి ఏ వాడలో పుట్టాడో, ఏ బావి దగ్గర అతన్ని ఆపారో, ఎవరి పొలంలో అతని తండ్రి చాకిరీ చేశాడో ఊరిని పిలిచి అడగాలి.